తోపుడు బండి మీద మోపిన నేరం

హైదరాబాద్ రోడ్ల మీద వాహనాలు కదలకపోతే నేరం తోపుడు బండిదేనన్న అభిప్రాయం నగరంలో స్థిరపడిపోయింది. కాలనీ సంక్షేమ సంఘాల సమావేశాల్లో, ప్రజావాణికి వచ్చే అర్జీల్లో, పోలీసుల ప్రకటనల్లో, పత్రికల నగర పేజీల్లో ఇదే మాట. ఫుట్‌పాత్‌లు నడిచేవాళ్ల కోసం కట్టారు, వాటిని చిరువ్యాపారులు ఆక్రమించారు, నడిచేవాళ్లు గత్యంతరం లేక రోడ్డు మీదికి దిగారు, దాంతో రోడ్డు ఇరుకైంది, కనుక బండ్లు తీసేస్తే నగరం బాగుపడుతుంది: వాదన ఇలా సాగుతుంది. పన్ను కట్టరు, శుభ్రత పాటించరు, ఒక్కరికి చోటిస్తే పదిమంది చేరతారు అన్న ఆరోపణలు దీనికి తోడు. ఇందులో నిజం ఒక్కటే ఉంది. ఫుట్‌పాత్ నడిచేవాళ్లదే. ఆ నిజం నుంచి తీస్తున్న తీర్పు మాత్రం తప్పు. ఆ తప్పు వల్ల ఎవరి పొట్ట కొడుతున్నారో, అసలు అడ్డు ఎక్కడుందో గమనించకుండానే ఏళ్లు గడిచిపోతున్నాయి.

ముందు రద్దీ సంగతి. సాయంత్రం పూట వాహనాలు గంటల తరబడి బారులు తీరే చోట్లలో రాయదుర్గం, ఐకియా కూడలి, బయోడైవర్సిటీ కూడలి, గచ్చిబౌలి ముందుంటాయి. ఇవన్నీ ఈ పాతికేళ్లలో వెడల్పుగా వేసిన రోడ్లు. వాటి మీద ఫ్లైఓవర్లు, కింద అండర్‌పాస్‌లు కట్టారు. కూరగాయల బండ్లు ఆ కూడళ్లను మూసేయడం లేదు. వేలాది ఆఫీసులు రెండు మూడు గంటల వ్యవధిలో ఒకేసారి వదలడం, కారుకు ఒక్కొక్కరు చొప్పున రోడ్డెక్కడం ఆ రద్దీకి మూలం. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత నగర బస్సులను బాగా తగ్గించారు. బస్సు దొరకని మనిషి బైకు కొనుక్కున్నాడు. ఇంకో గట్టి సాక్ష్యం వాన. గట్టి వాన పడిన సాయంత్రం బండివాళ్లు టార్పాలిన్ కప్పుకుని ఇంటిదారి పడతారు. ఖైరతాబాద్ నుంచి పంజాగుట్ట దాకా, మాదాపూర్ నుంచి కొండాపూర్ దాకా నగరం పూర్తిగా స్తంభించేది సరిగ్గా ఆ సాయంత్రాల్లోనే. బండ్లు లేనప్పుడు రద్దీ పెరుగుతోందంటే రద్దీకి కారణం బండ్లు కావని ఒప్పుకోవాలి.

కోఠి, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, బేగంబజార్ లాంటి చోట్ల బండ్లూ ఉన్నాయి, రద్దీ కూడా ఉంది కదా అనే ప్రశ్న సహజం. అక్కడ రెండింటికీ కారణం ఒకటే, జనం. జనం ఉన్నచోటికి బండి వస్తుంది, జనం ఉన్నచోటికే వాహనమూ వస్తుంది. బండి వచ్చాక జనం చేరారనుకోవడం కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేయడమే. అలాంటి రోడ్డులో ఎవరు ఎంత చోటు తీసుకుంటున్నారో కొలిచి చూడవచ్చు. మామూలు తోపుడు బండి సుమారు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. అంటే 24 చదరపు అడుగులు, 2.2 చదరపు మీటర్లు. ఒక కారు నిలపడానికి లెక్కగట్టే స్థలం ఐదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, అంటే 12.5 చదరపు మీటర్లు. ఒక కారు ఆగిన చోట ఐదు బండ్లు పడతాయి. ఆ ఐదు బండ్ల మీద ఐదు కుటుంబాలు బతుకుతాయి, పొద్దు వాలేలోగా వందలమంది వాటి దగ్గర కొనుక్కుని పోతారు. కారు మాత్రం యజమాని షాపింగ్ ముగించుకుని వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

ఆ కారు రోడ్డు మీద ఎందుకు నిలబడిందనేది ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న. వాణిజ్య భవనం కట్టేటప్పుడు అందులో పార్కింగ్‌కు స్థలం వదలాలని భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. అనుమతి కోసం గీసిన ప్లానులో సెల్లార్ పార్కింగ్‌గానే ఉంటుంది. భవనం పూర్తయ్యాక చాలాచోట్ల అదే సెల్లార్ గోడౌన్ అవుతుంది, ల్యాబ్ అవుతుంది, దుకాణం అవుతుంది. కొనడానికి వచ్చినవాళ్ల వాహనాలు రోడ్డు మీదికి వస్తాయి. భవన యజమానికి మిగిలిన ఆ స్థలం ఖరీదును రోడ్డు మీద నడిచే ప్రతి మనిషీ రోజూ చెల్లిస్తున్నాడు. 2022 అక్టోబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు మొదలుపెట్టిన ‘ఆపరేషన్ రోప్’ అడ్డంగా నిలిపిన వాహనాలనూ ఆక్రమణలనూ రెండింటినీ ఉద్దేశించినదే. అయితే రెండు తప్పులకూ పడే శిక్షలు సమానం కావు. వాహనానికి చలానా పడుతుంది, యజమాని కట్టి దాన్ని తోలుకుపోతాడు. బండివాడికి ఆ రోజు సరుకు పోతుంది, ఒక్కోసారి బండే పోతుంది.

ఇక ఫుట్‌పాత్. నడిచేవాళ్ల హక్కు గురించి మాట్లాడేవాళ్ల ఆవేదన న్యాయమైనదే. ఫుట్‌పాత్‌ల మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఏ అడ్డూ లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు వదలాలి, వ్యాపార ప్రాంతాల్లో అంతకన్నా ఎక్కువ. నగరంలో ఎన్ని రోడ్లకు ఈ కొలత ప్రకారం ఫుట్‌పాత్ ఉంది? కాలనీ రోడ్లలో అసలు ఉండదు. ప్రధాన రోడ్లలో ఉన్నచోట నాలుగు అడుగులు వేసేసరికి ట్రాన్స్‌ఫార్మర్, దాని తర్వాత మూత లేని మ్యాన్‌హోల్, ఆ పక్కన ప్రకటన బోర్డు స్తంభం, ఇంకాస్త ముందుకెళితే షోరూమ్ వాళ్లు కారు ఎక్కడానికి కట్టుకున్న ర్యాంపు. ఫ్లైఓవర్ కోసం, స్లిప్ రోడ్డు కోసం ముందు కోసేసేది ఫుట్‌పాత్‌నే. కేబుల్ కోసం తవ్విన మట్టి నెలల తరబడి దాని మీదే ఉంటుంది. చక్రాల కుర్చీలో వచ్చే మనిషి, కర్ర పట్టుకున్న వృద్ధుడు, బిడ్డను ఎత్తుకున్న తల్లి వీటన్నిటినీ దాటుకుని పోవాలి. ఇన్ని అడ్డుల మధ్య చక్రాలుండి, పక్కకు జరపగలిగేది తోపుడు బండి ఒక్కటే. తొలగింపు మాత్రం దానితోనే మొదలై దానితోనే ముగుస్తుంది.

నడిచేవాళ్ల ప్రాణాల విషయంలో లెక్క ఇంకా స్పష్టంగా ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది. వాళ్లను చంపింది వాహనాల వేగం, దాటడానికి చోటు లేని రోడ్లు, వెలగని వీధి దీపాలు. నిజానికి చీకటి పడ్డాక బస్సు దిగి ఒంటరిగా ఇంటికి నడిచే అమ్మాయికి వీధి చివర వెలుగుతున్న మిర్చి బండి, దాని చుట్టూ నిలబడ్డ నలుగురు మనుషులు ఇచ్చే ధైర్యం ఏ సీసీ కెమెరా ఇవ్వదు. బండ్లన్నీ తీసేసిన రోడ్డు రాత్రి ఎనిమిది దాటితే నిర్మానుష్యమవుతుంది. చార్మినార్ చుట్టూ జనం ఈరోజు హాయిగా నడవగలుగుతున్నారంటే అక్కడికి వాహనాలు రాకుండా ఆపడమే కారణం. గాజులు, ముత్యాలు, పండ్లు, అత్తర్లు అమ్మేవాళ్లు ఆ నడకకు అడ్డు కాలేదు. జనం అక్కడికి వెళ్లేది వాటి కోసం కూడా.

బండి ఎక్కడ నిలబడాలన్నది బండివాడి మొండితనం నిర్ణయించదు, కొనేవాడి అవసరం నిర్ణయిస్తుంది. ఉస్మానియా, గాంధీ, నిలోఫర్, నిమ్స్ ఆసుపత్రుల గేట్ల ముందు ఇడ్లీ బండ్లు, పండ్ల బండ్లు ఉంటాయి. జిల్లాల నుంచి రోగిని తీసుకొచ్చి వారాల తరబడి వరండాల్లో పడుకునే బంధువులకు అవే వంటిల్లు. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుంటూ, అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువుతూ హాస్టళ్లలో ఉండే పిల్లలకు నెల చివర చేతిలో మిగిలిన డబ్బుతో కడుపు నింపేది టిఫిన్ బండి. ఐటీ కారిడార్‌లో అద్దాల భవనాల్లో పనిచేసే సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ మహిళ, డెలివరీ కుర్రాడు ఆ భవనాల్లోని ఫుడ్‌కోర్టులో తినలేరు. మధ్యాహ్నం వాళ్లు వెతుక్కుంటూ వచ్చేది గోడ పక్క భోజనం బండి దగ్గరికే. అపార్ట్‌మెంట్ గేటు ముందు ఉదయం తాజా ఆకుకూర దొరుకుతోందంటే అమ్మే మనిషి రాత్రి మూడు గంటలకే లేచి బోయిన్‌పల్లికో గుడిమల్కాపూర్‌కో వెళ్లి సరుకు వేసుకొచ్చినందువల్లే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచిన పాత పుస్తకాలు ఎంతమంది పేద విద్యార్థులను చదివించాయో ఆ పిల్లలకు తెలుసు.

బండివాళ్లు బాధిస్తున్నారని అర్జీ పెట్టే కాలనీ కూడా కొనేది ఆ బండి దగ్గరే. అర్జీ పెట్టినవాళ్లు చెడ్డవాళ్లని దీని అర్థం కాదు. వాళ్లు కోరుకునేది నడవడానికి చోటు, ఇంటి ముందు శుభ్రత. ఆ కోరికను తీర్చాల్సిన యంత్రాంగం దానికి బదులు అతి తేలికైన పని, అంటే ఎదురు చెప్పలేనివాడిని పంపేయడం, చేసి చూపిస్తోంది. రెండు రోజులు రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది. మూడో రోజు కొనేవాళ్లు అక్కడే ఉంటారు కాబట్టి అమ్మేవాళ్లు తిరిగి వస్తారు. ఈసారి మామూళ్లు పెరుగుతాయి. ఎప్పుడు తీసేస్తారో తెలియని భయమే ఆ మామూళ్లకు పునాది. ఈ భయమే రోజువారీ ఫైనాన్సు అప్పులకూ దారి తీస్తుంది. స్థిరమైన చోటు లేని మనిషికి బ్యాంకు తలుపు తెరవదు. రోజువారీ వసూలుకు అప్పిచ్చే గిరిగిరి వాడు పదివేలు రాసుకుని వెయ్యో, పదిహేను వందలో ముందే పట్టుకుని ఇస్తాడు, సాయంత్రానికల్లా వసూలుకు వచ్చి నిలబడతాడు. సరుకు జప్తయిన రోజు కూడా ఆ వాయిదా కట్టాల్సిందే.

ఈ విషయంలో దేశానికి ఒక చట్టం ఉందన్న సంగతే చర్చలో వినిపించదు. పేవ్‌మెంట్ మీద వ్యాపారం చేసుకోవడం, సహేతుకమైన ఆంక్షలకు లోబడి, 19(1)(జి) అధికరణ కింద వృత్తి స్వేచ్ఛలో భాగమేనని సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఫలానా చోటే కావాలని పట్టుబట్టే హక్కు లేదని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ తర్వాత పాతికేళ్లకు పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1న, తెలంగాణ ఏర్పడడానికి నెల రోజుల ముందు, అమల్లోకి వచ్చింది. ప్రతి నగరంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు తమలో తాము ఎన్నుకున్నవాళ్లు కావాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు కావాలి. కనీసం ఐదేళ్లకోసారి సర్వే చేయాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను కదిలించకూడదు. తరలించాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. జప్తు చేసిన సరుకు పాడైపోయేదైతే అడిగిన రోజే, మిగిలినదైతే రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. తెల్లవారుజామున టమాటా బుట్టలు లారీలోకి విసిరేయడాన్ని ఈ నిబంధనలతో పోల్చి చూస్తే చట్టాన్ని ఉల్లంఘిస్తున్నది ఎవరో అర్థమవుతుంది.

ఆ చట్టం జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపించాలంటోంది. 2007 ఏప్రిల్‌లో పాత నగర కార్పొరేషన్‌లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ)లో 2011 జనాభా లెక్కల నాటికి 67 లక్షలకు పైగా మనుషులున్నారు. ఆ పాత లెక్క ప్రకారమే 1,68,000 మంది వ్యాపారులకు నగరం చోటు ఇవ్వాలి. ఆ తర్వాత నగరం ఎంతగా పెరిగిందో అందరికీ తెలుసు. ఒక్కరికి చోటిస్తే పదిమంది వస్తారన్న భయానికి చట్టంలోనే సమాధానం ఉంది. ధ్రువపత్రం, కేటాయించిన చోటు, వేళలు, పరిమితి అన్నీ అందులో రాసి ఉన్నాయి. వాటిని అమలు చేయకుండా వదిలేసి, అమలు లేనందువల్ల వచ్చిన గందరగోళాన్ని వ్యాపారుల నెత్తిన వేయడం అన్యాయం.

చట్టం పనిచేయకపోతే ఏమవుతుందో 2024 జనవరి చివర మాదాపూర్‌లో నగరమంతా చూసింది. రోడ్డు పక్క భోజనం అమ్మే ఒక మహిళ సోషల్ మీడియాలో ప్రసిద్ధురాలైంది. జనం పోటెత్తారు. ట్రాఫిక్ కారణం చూపి పోలీసులు ఆమె వ్యాపారాన్ని ఆపించారు. విషయం రాష్ట్రమంతా చర్చకు వచ్చాక ముఖ్యమంత్రి జోక్యం చేసుకుని అక్కడే కొనసాగించమన్నారు. ఆమెకు న్యాయం జరగడం మంచిదే. కానీ ఆమె హక్కు ముఖ్యమంత్రి మాట మీద ఆధారపడాల్సింది కాదు, టౌన్ వెండింగ్ కమిటీ ఇచ్చే కాగితం మీద ఆధారపడాల్సింది. వీడియోల్లో కనిపించని వేలమంది కోసం ఏ ముఖ్యమంత్రీ ఫోను చేయడు. ప్రభుత్వ తీరులోనే ఇంకో వైరుధ్యం ఉంది. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం కింద వీధి వ్యాపారులకు విడతలవారీగా అప్పు ఇప్పిస్తున్నారు; 2025 దాకా అది మొదట పదివేలు, తీరిస్తే ఇరవై వేలు, ఆపైన యాభై వేలు. అర్హులను గుర్తించేది మునిసిపల్ సిబ్బందే. ఒక విభాగం వ్యాపారిగా గుర్తించి అప్పిప్పించిన మనిషిని ఇంకో విభాగం ఆక్రమణదారు అని పంపేస్తే ఆ వాయిదాలు ఎక్కడి నుంచి కట్టాలి?

పన్ను ఆరోపణ ఎక్కువసేపు నిలవదు. తెలంగాణలో ఏడాదికి 20 లక్షల రూపాయల టర్నోవరు లోపు ఉన్న వ్యాపారి, అతనికి గాజు తలుపుల దుకాణం ఉన్నా సరే, జీఎస్టీ నమోదు చేసుకోనక్కర్లేదు. బండివాడు వాడే 19 కిలోల వాణిజ్య సిలిండర్ మీద 18 శాతం, వంటనూనె మీద 5 శాతం జీఎస్టీ అతనే భరిస్తాడు. దాన్ని ఎక్కడా లెక్కలో చూపించుకోలేడు. శుభ్రత విషయం అంత తేలిగ్గా కొట్టిపారేయలేనిది. కలుషిత నీళ్లు, పదేపదే కాచిన నూనె నిజమైన ప్రమాదాలు. అయితే 2024లో ఆహార భద్రతా అధికారులు తనిఖీలు చేసినప్పుడు గడువు తీరిన సరుకులు, బొద్దింకలు బయటపడింది పేరున్న రెస్టారెంట్ల వంటగదుల్లో కూడా. అశుభ్రత అద్దె కట్టకపోవడం వల్ల రాదు. నీళ్లు, చెత్తబుట్ట, మురుగు పోయే దారి లేకపోవడం వల్ల వస్తుంది. చిన్న వ్యాపారి తేలిగ్గా ఆహార భద్రతా నమోదు చేసుకోవచ్చు. చోటు ఖాయమైన మనిషిని నమోదు చేయించడం, శిక్షణ ఇవ్వడం, తనిఖీ చేయడం సాధ్యం. రోజూ పారిపోయే మనిషిని ఎవరూ తనిఖీ చేయలేరు.

చివరిగా తరలింపు. బండ్లను ఏదో ఖాళీ స్థలానికి పంపితే ఇరుపక్షాలకూ మేలు కదా అనేది సౌమ్యంగా వినిపించే వాదన. చండీగఢ్‌లో 2019 డిసెంబరులో సెక్టార్ 17 తదితర చోట్ల నుంచి వ్యాపారులను కేటాయించిన స్థలాలకు పంపారు. వాటిలో చాలా చోట్లు ఖాళీగా మిగిలాయి, ఎందుకంటే అక్కడికి కొనేవాళ్లు రాలేదు. పండ్లు కొనడానికి ఎవరూ ప్రత్యేకంగా బయల్దేరరు. బస్సు దిగి ఇంటికి పోతూ కొంటారు. హైదరాబాద్‌లో మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి రైతుబజార్ల బయట బండ్లు బారులు తీరేదీ ఇందుకే. ఈ సంగతి తెలిసే చట్టం సహజ మార్కెట్ అనే మాట వాడింది. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ సంప్రదాయంగా కలిసే చోటు అని దానికి నిర్వచనం. కమిటీ అలాంటి చోట్లను ముందు గుర్తించి, అక్కడ కనీసం 1.8 మీటర్లు నడకకు వదిలి, మిగిలినదాంట్లో బండికి గీత గీయాలి. స్థలం చాలకపోతే బండికన్నా ముందు ఆ వీధిలో పార్కింగ్ రద్దు కావాలి. ఇరుకు వీధుల్లో రోజు విడిచి రోజు, పూటల వారీగా పంచే వీలూ చట్టం ఇస్తోంది. యాభై ఏళ్లకు పైబడి వ్యాపారం సాగుతున్న మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్లను తరలించకూడదని కూడా అదే చట్టం చెబుతోంది. సికింద్రాబాద్ మోండా మార్కెట్, కోఠి సుల్తాన్ బజార్ ఆ కొలతకు ఎప్పుడో సరిపోయాయి.